డ్రమ్ము తిరుగుతుంది, వేడి రాదు

ఇంటి యంత్రాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు బట్టల డ్రయ్యర్ గురించే. ఫిర్యాదు ఒకటే, వేడి రావడం లేదని. యంత్రాలు మాత్రం మూడు రకాలు కాబట్టి జవాబులు వేరువేరుగా రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకున్నాను, అందులో ఒక పసిబిడ్డ ఉంది గనక.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. రెండంతస్తుల ఇల్లు, లాండ్రీ గది మేడమీద. మా ఎలక్ట్రిక్ డ్రయ్యర్ తిరుగుతోంది, లోపల లైటు వెలుగుతోంది, టైం అవగానే బీప్ కూడా కొడుతోంది. తలుపు తీస్తే బట్టలు చల్లగా, తడిగా అలాగే ఉంటున్నాయి. పోయిన చలికాలంలో ఇలాగే అయితే ఒకతను వచ్చి థర్మల్ ఫ్యూజ్ పోయిందని కొత్తది వేసి వెళ్ళాడు. ఇప్పుడు మళ్ళీ అదే కథ. మా పాపకు మూడో నెల. అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చారు, రోజూ పాపకు నువ్వుల నూనెతో ఒళ్ళు రుద్ది స్నానం చేయిస్తారు. బట్టలు గుట్టలుగా పడుతున్నాయి. బయట ఆరేద్దామంటే మా కమ్యూనిటీలో ఒప్పుకోరు. మా మరిది ‘ఆ ఫ్యూజు వైర్లు రెండూ కలిపేస్తే సరిపోతుంది వదినా, నేను చేసిపెడతా’ అంటున్నాడు. చేయించుకోవచ్చా? లేక కొత్తది కొనాలా?
ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: అమ్మా, ముందు మీ మరిదికి వద్దని చెప్పండి. మన వైపు దీన్ని ‘డైరెక్ట్ ఇవ్వడం’ అంటారు. ఇస్తే డ్రయ్యర్ ఆ పూటే వేడెక్కుతుంది, అందులో సందేహం లేదు. అదే ప్రమాదం. లోపల వేడి హద్దు దాటితే కరెంటు తెంచేయడానికే ఆ ఫ్యూజు పెట్టారు. దాన్ని తప్పిస్తే ఆఖరి కాపలా తీసేసినట్టే. డ్రయ్యర్ లోపలంతా బట్టల నుంచి రాలిన సన్నటి నూగు ఉంటుంది, ఇక్కడివాళ్ళు లింట్ అనేది దాన్నే. అది చాలా తొందరగా అంటుకుంటుంది. పసిబిడ్డ నిద్రపోయే గదికి పక్కనే అలాంటి యంత్రం నడవకూడదు. మీ మరిది మంచి మనసుతోనే అంటున్నాడు, కానీ ఈ ఒక్క సాయం మాత్రం వద్దనండి.

కొత్తది కూడా ఇప్పుడే కొనకండి. తిరుగుతూ వేడి రాని డ్రయ్యర్లలో ఎక్కువ వాటికి చిన్న పార్టు మారిస్తే సరిపోతుంది. కొన్నింటికి అసలు డ్రయ్యర్‌లో తప్పే ఉండదు. పైగా మీ ఉత్తరం చదివితే కొత్త డ్రయ్యర్ తెచ్చి అక్కడే పెట్టినా కొన్నాళ్ళకు దానికీ ఇదే గతి పడుతుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకో చెబుతాను.

ముందు సెట్టింగు ఒకసారి చూడండి. ‘ఎయిర్ ఫ్లఫ్’ అనో ‘నో హీట్’ అనో ఉన్న చోట నాబ్ ఉంటే వేడి రానే రాదు. ఇంట్లో కొత్తగా వచ్చిన పెద్దవాళ్ళు నాబ్ తిప్పడం మామూలే. టైమ్డ్ డ్రై పెట్టి, వేడి ‘హై’లో ఉంచి, రెండు తడి తువ్వాళ్ళు వేసి అయిదు నిమిషాలు నడపండి. తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా కూడా లేకపోతే వేడి అసలు పుట్టడం లేదని అర్థం. వేడిగా ఉండి బట్టలే ఆరకపోతే అది వేరే జబ్బు, నేరుగా గాలి గొట్టం దగ్గరికి వెళ్ళాలి.

తర్వాత గరాజ్‌లోనో బయట గోడకో ఉన్న బ్రేకర్ ప్యానెల్ దగ్గరికి వెళ్ళండి. నేను ఎవరింటికి వెళ్ళినా డ్రయ్యర్ ముట్టుకోకముందు చూసేది దాన్నే. అమెరికాలో ఎలక్ట్రిక్ డ్రయ్యర్‌కు 240 వోల్టులు కావాలి. అవి రెండు తీగల మీద, ఒక్కోదానిలో 120 చొప్పున వస్తాయి. డ్రమ్ము తిప్పే మోటారుకూ లైటుకూ ఒక తీగ సరిపోతుంది. వేడి పుట్టించే ఎలిమెంటుకు మాత్రం రెండూ కావాలి. రెండో తీగలో కరెంటు పోయిందనుకోండి, డ్రమ్ము మామూలుగా తిరుగుతుంది, బీప్ కొడుతుంది, వేడి ఉండదు. అచ్చం మీరు రాసినట్టే. ప్యానెల్లో 30 అని రాసి ఉన్న జంట బ్రేకర్ ఉంటుంది, పక్కన డ్రయ్యర్ అని పేరుంటుంది. అది చూడటానికి ఆన్‌లోనే ఉన్నట్టు కనిపించినా నమ్మకండి. పూర్తిగా ఆఫ్ వైపుకు గట్టిగా నెట్టి, మళ్ళీ ఆన్ చేయండి. సగంలో ఆగిన బ్రేకర్ అలా చేస్తేనే మళ్ళీ సరిగా ఆన్ అవుతుంది. దీంతో వేడి వస్తే సంతోషం. కానీ వారంలో మళ్ళీ పడిపోతే ఊరికే ఎత్తుతూ కూర్చోకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. బ్రేకరే పాడై ఉండొచ్చు, లేదా డ్రయ్యర్ వెనక తీగలు బిగించే చోట వదులై కాలుతూ ఉండొచ్చు. ప్లగ్గులో 240 వస్తోందో లేదో మీటరు పెట్టి చూడటం కూడా అలవాటున్న వాళ్ళే చేయాలి.

బ్రేకర్ బాగానే ఉంటే, ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన మాట దగ్గరికి వద్దాం. పోయిన చలికాలంలో ఒకసారి ఫ్యూజు మార్చారన్నారు. థర్మల్ ఫ్యూజ్ వయసైపోయి పోవడం అరుదు. లోపల వేడి బయటికి పోలేక ఎక్కువైతే పోతుంది. ఆ వచ్చినాయన ఫ్యూజు మార్చాడు గానీ అది ఎందుకు పోయిందో చూడలేదు. చూసి ఉంటే మీరు ఈ ఉత్తరం రాసేవారు కాదేమో. ఈ విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది. ఫ్యూజు మార్చడానికి అరగంట పట్టదు, కారణం వెతకడానికి మరో అరగంట చాలు. ఆ అరగంట పెట్టకపోతే చేసిన పని సగమే.

డ్రయ్యర్ చేసే పని ఏమిటంటే, గాలిని వేడిచేసి బట్టల మీదుగా పోనిచ్చి, తడితో సహా ఆ గాలిని ఇంటి బయటికి తోసేయడం. బయటికి పోయే దారి మూసుకుపోతే, ముక్కు మూసి పరుగెత్తమన్నట్టే. ఎలిమెంటు చుట్టూ వేడి పేరుకుంటుంది. హై లిమిట్ థర్మోస్టాట్ అనే చిన్న బిళ్ళ ఎలిమెంటును ఆపుతుంది, చల్లారాక మళ్ళీ పెడుతుంది. ఇలా మాటిమాటికీ జరిగి ఆ బిళ్ళ కూడా అలిసిపోతే ఫ్యూజు తెగుతుంది. తెగాక దానంతటది మళ్ళీ కలవదు.

మేడమీద లాండ్రీ గది ఉన్న ఇళ్ళలో ఆ గొట్టం తరచు గోడలోంచి పైకి వెళ్ళి ఇంటి కప్పు మీద తేలుతుంది. నూగు పైకి ఎక్కలేక మలుపుల దగ్గర, కప్పు మీది మూత దగ్గర పేరుకుంటుంది. పిట్టలు దూరకుండా ఆ మూతకు జాలీ వేస్తారు కొందరు. డ్రయ్యర్ గొట్టానికి జాలీ ఉండకూడదు. తడి నూగు ఆ జాలీకి పట్టి, ఎండి, అట్టలా అయిపోతుంది. కింద నిలబడి చూస్తే ఏమీ కనిపించదు. అమెరికాలో ఇళ్ళ నిర్మాణానికి వాడే కోడ్ ప్రకారం ఈ గొట్టం నాలుగు అంగుళాల వెడల్పుండాలి, పొడవు 35 అడుగులు మించకూడదు, మామూలు 90 డిగ్రీల మలుపు ఒక్కోదానికి ఆ 35లోంచి అయిదేసి అడుగులు తీసేయాలి. మీ డ్రయ్యర్ కంపెనీ పుస్తకంలో వేరే లెక్క ఉంటే అది పాటించవచ్చు. మూడు నాలుగు మలుపులున్న గొట్టానికి మిగిలేది ఎంతో మీరే లెక్క వేసుకోండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. ప్లగ్గు తీసేసి, ఇద్దరు పట్టుకుని డ్రయ్యర్‌ను ముందుకు జరపండి. మీరు బాలింత, మీరు లాగకండి, మీ మరిదికి ఆ పని అప్పజెప్పండి. వెనక గోడకూ డ్రయ్యర్‌కూ మధ్య గొట్టం నలిగి చపాతీలా అయిందా? అది తెల్లటి ప్లాస్టిక్‌దైతే గానీ, పల్చటి వెండిరంగు కాగితంలాంటిదైతే గానీ తీసి పారేసి, గట్టి అల్యూమినియం గొట్టం వేయించండి. అతుకుల దగ్గర స్క్రూలు వేయొద్దు, వాటి మొనలకు నూగు పట్టుకుంటుంది. ఫాయిల్ టేపు చాలు. గొట్టం ఊడదీసినప్పుడే గోడలోని రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. గోడల చుట్టూ బూడిదరంగు నూగు దళసరిగా కనిపిస్తే కారణం దొరికినట్టే. ఆపైన గొట్టం డ్రయ్యర్‌కు తగిలించకుండా ఒక్క నిమిషం నడిపి, వెనక నుంచి వచ్చే గాలి దగ్గర చెయ్యి పెట్టండి. మీది ఎలక్ట్రిక్ డ్రయ్యర్ కాబట్టి ఇలా నడపవచ్చు, గ్యాస్ డ్రయ్యర్ అయితే ఎట్టి పరిస్థితుల్లోనూ నడపకూడదు. గాలి జోరుగా కొడితే డ్రయ్యర్ ఊపిరి బాగానే ఉంది, మూసుకుపోయింది ఇంటి గొట్టమే. డ్రయ్యర్ వెంట్ శుభ్రం చేసేవాళ్ళను పిలిచి కప్పు వరకు తోమించండి. మీరెవరూ కప్పు ఎక్కకండి.

గొట్టం సంగతి తేలాక అప్పుడు పార్టులు. మీ మరిదికి చేతిపని మీద ఇష్టం ఉన్నట్టుంది, మల్టీమీటరు ఉంటే ఈ పరీక్ష చేయనివ్వండి, తప్పకుండా ప్లగ్గు తీసి. కొన్ని మోడళ్ళలో వెనక రేకు విప్పాలి, కొన్నింటిలో ముందు నుంచి. ఫ్యూజులు సాధారణంగా రెండు చోట్ల ఉంటాయి. గాలి ఊదే ఫ్యాన్ డబ్బా మీద ఒకటి, ఎలిమెంటు ఉండే ఇనప డబ్బా మీద ఒకటి. చాలా మోడళ్ళలో మొదటిది పోతే డ్రమ్మే తిరగదు. మీది తిరుగుతోంది కాబట్టి నా అనుమానం రెండోదాని మీద. దానికున్న తీగ ఒకటి ఊడదీసి, మీటరును ఓమ్స్‌లో, అంటే కరెంటుకు ఉండే అడ్డు కొలిచే చోట ఉంచి, రెండు కొనలకూ పెడితే దాదాపు సున్నా చూపాలి. సున్నా కాక అంకే రాకుండా, ‘OL’ లాంటిది చూపితే, అంటే ఏమీ చూపకపోతే, పోయినట్టు. దాన్ని మార్చేటప్పుడు పక్కనే ఉన్న హై లిమిట్ థర్మోస్టాట్‌ను కూడా మార్చేయాలి. కొన్ని కంపెనీల వాటికి ఈ రెండూ కలిపి ఒకే ప్యాకెట్‌లో అమ్మడానికి కారణం అదే. ఒకటి కొత్తది, ఒకటి అలిసిపోయింది ఉంటే మళ్ళీ కథ మొదటికొస్తుంది.

ఎలిమెంటును కూడా అలాగే కొలవాలి. 5,400 వాట్ల ఎలిమెంటు 240 వోల్టుల మీద అయితే 10.7 ఓమ్స్‌కు దగ్గరగా చూపుతుంది. ఎనిమిది నుంచి పన్నెండు మధ్య ఏదొచ్చినా సాధారణంగా బాగున్నట్టే. తెగితే ఏమీ చూపదు, విప్పి చూస్తే స్ప్రింగులాంటి ఆ తీగ ఒకచోట విరిగి, కొన నల్లబడి కనిపిస్తుంది. మీటరు ఒక కొన ఎలిమెంటుకు, రెండోది ఇనప డబ్బాకు పెట్టి కూడా చూడమనండి. అక్కడ మాత్రం ఏమీ చూపకూడదు. చూపితే తీగ సాగి డబ్బాకు తగులుతోందని అర్థం, వెంటనే మార్చాలి. ఇవన్నీ బాగుండీ వేడి రాకపోతే టైమరో బోర్డో అయి ఉంటుంది. అప్పుడు తెలిసినవాళ్ళను పిలవండి, బోర్డు ఖరీదు విని కొత్తది కొనాలా వద్దా తేల్చుకోండి.

ఇక మీరు అడగని విషయం ఒకటి. మీ ఉత్తరంలో డ్రయ్యర్ కన్నా నన్ను ఎక్కువ కంగారు పెట్టింది నువ్వుల నూనె. పాపకు ఒళ్ళు రుద్దిన తువ్వాళ్ళు, కింద పరిచిన పాత చీర ముక్కలు, మీ తలనూనె పట్టిన దిండు గలీబులు, అన్నీ ఆ డ్రయ్యర్‌లోకే వెళుతున్నాయి కదా. నూలుబట్టలో ఇంకిన వంటనూనెలు, నువ్వుల నూనె లాంటివి, గాలితో కలిసి తమంతట తాము వేడి పుట్టిస్తాయి. బట్ట వేడిగా ఉండి, గుట్టగా పడి ఉంటే ఆ వేడి బయటికి పోదు, లోలోపల పెరుగుతుంది. డ్రయ్యర్ ఆగిపోయాక, మడతపెట్టి బీరువాలో పెట్టిన తువ్వాళ్ళు కూడా అలా అంటుకోవచ్చు. డ్రయ్యర్‌తో ఇచ్చే పుస్తకాల్లో వంటనూనె అంటిన బట్టలు వేయొద్దని ఉంటుంది. మన ఇళ్ళలో ఒంటికి రాసుకునేదీ ఆ నూనెలే అన్న సంగతి ఆ రాసినవాళ్ళకు తట్టదు, చదివిన మనకూ తట్టదు.

పాపకు నూనె రుద్దడం మానమని అనడం లేదు, అత్తగారి చేతి మర్దన పాప ఒంటికి మంచిదే. ఆ తువ్వాళ్ళు నాలుగైదు విడిగా పెట్టుకోండి. వేడినీళ్ళలో, సబ్బు పొడి కాస్త ఎక్కువ వేసి, విడిగా ఉతకండి. ఉతికాక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. నూనె వాసన ఏ మాత్రం ఉన్నా వాటిని డ్రయ్యర్‌లో వేయకండి, స్నానాల గదిలో తీగ కట్టి, ఫ్యాన్ వేసి ఆరేయండి. డ్రయ్యర్‌లో వేసే మిగతా బట్టలకు కూడా ఆఖరున చల్లార్చే సమయం కోత పెట్టకండి, తీశాక వేడివేడిగా గుట్ట పోసి వదిలేయకండి.

లింట్ జల్లెడ ప్రతి లోడుకూ తీసి తుడవాలని మీకు తెలిసే ఉంటుంది. వాసన కోసం వేసే డ్రయ్యర్ షీట్లు వాడితే జల్లెడ మీద కంటికి కనబడని పొర పడుతుంది. కుళాయి కింద పెట్టి చూడండి, నీళ్ళు జారిపోకుండా నిలబడితే సబ్బుతో, మెత్తటి బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. అమెరికా అగ్నిమాపక శాఖ 2008 నుంచి 2010 దాకా తీసిన లెక్కల ప్రకారం, ఇళ్ళలో ఏటా దాదాపు 2,900 డ్రయ్యర్ అగ్నిప్రమాదాలు నమోదయ్యాయి. వాటి కారణాల్లో శుభ్రం చేయకపోవడమే మొదటిది, 34 శాతం.

ప్రశ్న: మాది న్యూజెర్సీ, ఎడిసన్. గ్యాస్ డ్రయ్యర్. మొదటి పది నిమిషాలు బ్రహ్మాండంగా వేడెక్కుతుంది, ఆ తర్వాత చల్లటి గాలే. ఆపి ఒక గంట ఆగి మళ్ళీ వేస్తే మళ్ళీ వేడి వస్తుంది. థర్మోస్టాట్ మార్చాలా?
ఒక పాఠకుడు

జవాబు: థర్మోస్టాట్ దగ్గరికి ఇప్పుడే వెళ్ళకండి. మీరు చెప్పిన లక్షణం గ్యాస్ వాల్వు మీద ఉండే కాయిల్స్‌ది, అంటే కరెంటు పారితే ఆ వాల్వును తెరిచే తీగ చుట్లది. పాడైతే అవి చల్లగా ఉన్నప్పుడే పనిచేస్తాయి, వేడెక్కాక వాటిలో కరెంటు పారదు, వాల్వు తెరుచుకోదు. చల్లారితే మళ్ళీ మామూలు.

నిర్ధారించుకోవడం తేలిక. చాలా డ్రయ్యర్లలో కింద ముందు వైపు ఒక చిన్న రేకు తీస్తే మంట వచ్చే చోటు కనిపిస్తుంది. లైటు ఆర్పి చూడండి. ముందు గ్యాస్‌ను అంటించే ఇగ్నైటర్ నారింజరంగులో మండుతున్నట్టు వెలుగుతుంది, నిమిషం లోపే ‘భుస్’మని నీలిమంట రావాలి. వేడి ఆగిపోయిన తర్వాత చూస్తే, ఇగ్నైటర్ వెలగడం, మంట రాకుండానే ఆరిపోవడం, కాసేపటికి మళ్ళీ వెలగడం కనబడుతుంది. అలా కనబడితే కాయిల్సే. సెట్టుగా దొరుకుతాయి, అన్నీ ఒకేసారి మార్చాలి. ఇగ్నైటర్ అసలే వెలగకపోతే అదే విరిగి ఉండొచ్చు, లేదా మంటను కనిపెట్టే సెన్సారో ఫ్యూజో పోయి ఉండొచ్చు. మొదటి నుంచీ మంట రాకపోతే మాత్రం ముందుగా డ్రయ్యర్ వెనక ఉన్న గ్యాస్ కుళాయి చూడండి, దాని పిడి గొట్టానికి సమాంతరంగా ఉంటేనే తెరిచి ఉన్నట్టు. లాండ్రీ గది సర్దేటప్పుడు ఎవరి చెయ్యి అయినా తగిలి మూసుకుపోవచ్చు.

కాయిల్స్ మార్చడం చేతకాని పని కాదు, కానీ గ్యాస్ గొట్టాన్ని గానీ వాల్వును గానీ విప్పాల్సి వస్తే మీరు ముట్టుకోకండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు వేయకుండా, తీయకుండా, ఇంట్లోవాళ్ళందరినీ బయటికి తీసుకెళ్ళి అక్కడి నుంచి ఫోన్ చేయండి. ఆ అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో, పనిచేస్తోందో లేదో ఈ రోజే చూడండి. గ్యాస్ డ్రయ్యర్‌కు బయటి గొట్టం మూసుకుపోతే ఆ విషవాయువు ఇంట్లోకే వస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్, కూకట్‌పల్లి. వానాకాలం బాధ పడలేక హీట్ పంప్ డ్రయ్యర్ కొన్నాం. అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో డ్రయ్యర్ తలుపు తీస్తే బట్టలు కాలిపోయేంత వేడిగా ఉండేవి. మాదాంట్లో గోరువెచ్చగా కూడా ఉండవు, టైం కూడా రెండింతలు పడుతుంది. పాడైన సరుకు అంటగట్టారేమోనని టెన్షన్‌గా ఉంది. సర్వీసు వాళ్ళు వచ్చి ‘అంతేనండి’ అని వెళ్ళిపోయారు.
ఒక గృహిణి

జవాబు: వాళ్ళు చెప్పింది నిజమే కావచ్చునమ్మా, ఎందుకో కూర్చుని చెప్పి ఉంటే మీకు ఈ టెన్షన్ ఉండేది కాదు. మీ అమ్మాయి డ్రయ్యర్‌లో ఎర్రగా కాలే ఎలిమెంటు ఉంటుంది. మీదాంట్లో ఏసీలో ఉన్నట్టు కంప్రెసర్, గ్యాస్ ఉంటాయి. ఒకవైపు గాలిని ఓ మోస్తరుగా వేడిచేస్తుంది, రెండోవైపు అదే గాలిని చల్లార్చి అందులోని తడిని నీళ్ళుగా పిండుతుంది. గాలిని బయటికి వదలదు, మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది. అందుకే కరెంటు బాగా తక్కువ, వేడి తక్కువ, టైం ఎక్కువ. రోజువారీ నూలుబట్టలకు ఆ తక్కువ వేడే మంచిది.

కాబట్టి వేడిని చూసి తేల్చకండి, నీళ్ళను చూసి తేల్చండి. డ్రెయిన్ గొట్టం సింకులోకి పెట్టి ఉంటే ఒక్క రోజుకు తీసేసి, పుస్తకంలో చెప్పినట్టు నీళ్ళు ట్యాంకులోకి వచ్చేలా చేయండి. బాగా పిండిన నాలుగు పెద్ద తువ్వాళ్ళు వేసి పూర్తిగా నడపండి. తువ్వాళ్ళు ఆరి, ట్యాంకులో నీళ్ళు బాగా చేరితే యంత్రం తన పని తాను చేస్తోంది. ట్యాంకు పొడిగా ఉండి తువ్వాళ్ళు తడిగా ఉంటే కంప్రెసర్ వైపు లోపం ఉన్నట్టు, అప్పుడు సర్వీసు వాళ్ళను గట్టిగా అడగండి, ఆ రెండూ చూపించి అడగండి. నీళ్ళు కొద్దిగానే వస్తే ముందు ఫిల్టర్లు చూడండి. తలుపు దగ్గరిది కాక, కింద మూత తీస్తే లోపల ఇంకొకటి ఉండే మోడళ్ళు ఉన్నాయి, దాని వెనక సన్నటి రేకుల మీద నూగు పడితే గాలి ఆడదు. ఆ రేకులు వంగకుండా మెత్తటి బ్రష్‌తో దులపాలి.

ఇంకొకటి, డ్రయ్యర్ ఎక్కడ పెట్టారో రాయలేదు. యుటిలిటీ బాల్కనీలో పెట్టి ఉంటే మే నెలలో మధ్యాహ్నం పూట నడపకండి. ఈ యంత్రాల పుస్తకాల్లో గది వేడి 5 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని ఎక్కువగా రాస్తారు. ఎండాకాలంలో ఎలాగూ బట్టలు తీగ మీదే గంటలో ఆరిపోతాయి.